అక్కమ్మల ఊరు

మొగుడు రామాంజి యూనిఫాం జేబులో పసుపు పొట్లం, దానితోపాటు మూడేళ్ళ పిల్ల చేతికి పట్టేంత చిన్న ఎర్రగాజులు దొరికి వారమైంది. వినుత ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చొక్కా ఉతకలేదు. వాటిని ఉన్నవి ఉన్నట్టు జేబులోనే ఉంచి కొక్కేనికి తగిలించేసింది. మరునాడు చొక్కా ఉంది, అవి లేవు. అతను అడగలేదు. ఆమె అడగలేదు.

ఆ ఇంట్లో ఇప్పుడు అంత చిన్న చెయ్యి లేదు. పెద్దది ప్రార్థనకు తొమ్మిదేళ్ళు. చిన్నది అక్షత మూడేళ్ళు నిండకముందే జ్వరంతో పోయింది. అది పోయిన మరుసటేడే రాయచెర్లు చుట్టూ ఉన్న మెట్టపొలాలతో పాటు వాళ్ళ పొలమూ సోలార్ పార్కుకు కవులుకు పోయింది. రామాంజి ఇప్పుడు ఆ పార్కులోనే సోలార్ ప్లేట్లు కడిగే కూలి. తెల్లవారకముందే పోతాడు, పని ఎండ ముదరకముందే అయిపోతుంది, అతను మాత్రం ఎండ ముదిరాక వస్తాడు. మధ్యలో మిగిలిన ఆ పొద్దు ఏమవుతుందో వినుత ఇన్నాళ్ళూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆ పొద్దులో ఒక ఇల్లుంది, ఒక ఆడదుంది, చిన్న చేతుల పిల్ల ఒకటుంది. వారం రోజులుగా ఆ ఇంటిని ఆమె తన తలలో కట్టుకుంటూ పోతోంది. దానికి నీలం తలుపు కూడా పెట్టింది.

ఆ ఇంటి దారి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే అది ప్రార్థనే. ఆదివారాలు తండ్రికి క్యారియర్ తీసుకుని పార్కు గేటు దాకా పోయేది ఆ పిల్లే.

"యాడికి పోతాడు మీ నాయన, పనైనంక?"

"యాడికీ పోడుమా."

చెప్పేటప్పుడు పిల్ల తల్లి ముఖం వైపు చూడలేదు, చేతుల వైపు చూసింది. దాచిపెట్టే పిల్లలు కొట్టే చేతుల వైపు చూస్తారు. వినుత కొట్టే మనిషి కాదు. అయినా ప్రార్థన చూసింది. అప్పుడే వినుతకు రూఢి అయింది, పిల్లకు ఏదో తెలుసని.

వినుత అంగనవాడిలో ఆయా. పావగడలో జరిగిన ట్రైనింగులో ఒక మేడమ్ కన్నడంలో చెప్పిన మాట ఆమెకు గుర్తుండిపోయింది. పిల్లలు నోటితో చెప్పనిది ఆటలో చెప్తారు, మీరు పక్కన కూర్చుని చేతులకు మట్టి అంటించుకుంటే చాలు, అని. ఆ మేడమ్ అది పిల్లల మేలు కోరి చెప్పింది. ఈ ఆదివారం వినుత దాన్ని పోలీసు వాడినట్టు వాడబోతోంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినందువల్ల ఆగలేదు, కాస్త తొందరపడింది, అంతే.

ఫోనులో ప్రార్థన పదేపదే చూసే వీడియో ఒకటుంది. ఎక్కడో పచ్చటి దేశంలో ఒక తల్లి తన పిల్లలతో కలిసి పూలకుండీలో చిన్న ఊరు కడుతుంది. వేలెడంత ఇళ్ళు, గింజలంత కిటికీలు, గడ్డి మధ్య రెక్కల పిల్లలు.

"మనమూ చేస్తామా?" అంది వినుత పొద్దున్నే.

ప్రార్థన నమ్మలేదు. "నిజంగానా? పనులు లేవా నీకు?"

"ఆదివారం కదే. క్యారియర్ మీ నాయనే పట్టుకపోయినాడు. ఆయన వచ్చేలోగా చేసి చూపిస్తాం."

ఆ మాట విని పిల్ల ముఖం వెలిగింది. వినుత తల తిప్పుకుంది.

పగిలిన నీళ్ళ టబ్బులో పుట్టమన్ను పోశారు. వారం కిందట మొలకెత్తించిన రాగులను ఒక పక్క పరిస్తే పచ్చిక అయింది. ఐస్‌క్రీం పుల్లలు తలుపులు. వేరుశనగ బుడ్డల పొట్టు సగానికి చీల్చి బోర్లిస్తే ఇంటి కప్పులు, వెల్లకిల పెడితే ఊయలలు. చింతగింజలు బాటలు. పక్కింటి తిప్పేస్వామి కొడుకు యశ్ పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు. ఆరేళ్ళవాడు. ఒక చేతిలో అగ్గిపెట్టె, దానికి గుచ్చిన వంకర చెంచా. అది వాడి జేసీబీ.

"అత్తా, ఫెయిరీలంటే ఏంది?"

"రెక్కలుండే చిన్న చిన్న ఆడపిల్లోళ్ళు."

"ఈగ రెక్కలా, చీమ రెక్కలా?"

"సీతాకోకచిలుక రెక్కలు."

యశ్ ఆలోచించాడు. "అయితే బల్లి తినేస్తాదిలే," అని తేల్చాడు.

"నీ నోట్లో మన్ను పెడతా చూడు," అంది ప్రార్థన.

అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న అత్త సుంకులమ్మ అక్కడినుంచే గొంతు కలిపింది. "ఫెయిరీలు గియిరీలు ఏందిమ్మే. అక్కమ్మలని చెప్పండి. నీళ్ళ కాడ ఏడు రాళ్ళు పెట్టి మొక్కుతాం చూడు, వాళ్ళే ఈళ్ళు. పెండ్లికాకుండా పోయిన ఆడపిల్లోళ్ళంతా వాళ్ళ జతకు పోతారు. చిన్న దువ్వెన, చిన్న రవిక, చిన్న గాజులు, అన్నీ చిన్నవే పెట్టాల వాళ్ళకు."

చిన్న గాజులు అన్న మాట దగ్గర వినుత చేతిలోని మట్టి ఇల్లు ఒక పక్కకు ఒరిగింది. అత్త వైపు చూసింది. ముసలమ్మ పిక్కలు తీస్తోంది. ఆ ముఖంలో ఏమీ లేదు. అనుమానం పట్టిన మనిషికి లోకంలో ప్రతి మాటా తనకోసమే అన్నట్టు వినిపిస్తుంది. వినుత మళ్ళీ గోడ నిలబెట్టింది.

"అవ్వా, అక్కమ్మలకు కరెంటు యాడిది?" అని అడిగాడు యశ్.

"వాళ్ళకెందుకురా కరెంటు."

"మరి ఫోను ఎట్ల చార్జి చేస్తారు?"

ప్రార్థన లేచి లోపలికి పరిగెత్తింది. అవ్వ బీపీ మాత్రల ఖాళీ అట్టలు తెచ్చి, వెండిరేకు పైకి కనబడేలా చీపురుపుల్లల మీద ఏటవాలుగా నిలబెట్టడం మొదలుపెట్టింది. ఒక వరుస. దాని వెనక ఇంకొక వరుస. అన్నీ ఒకే దిక్కుకు వాలి ఉన్నాయి. ఆ పిల్ల పుట్టి పెరిగిన ఊళ్ళో ఆకాశం తర్వాత ఎక్కువగా కనిపించేది అదే. వీడియోలో తల్లి పూలచెట్లు పెట్టిన చోట ఈ పిల్ల ప్లేట్లు పెడుతోంది. అందులో వింతేమీ వినుతకు కనిపించలేదు. ఆమెకు కావలసింది వేరు.

"ఇది నాయన పనిచేసే చోటా?"

"ఊఁ."

"నాయనను చెయ్యి మరి."

ప్రార్థన మట్టితో ఒక బొమ్మ చేసింది. తలకు సీసా మూత పెట్టింది, టోపీ అని. వినుత గొంతును తేలిక చేసుకుని అడిగింది. "పనైపోయినాది. ఇప్పుడు నాయన యాడికి పోతాడు? నడిపించు చూద్దాం."

పిల్ల బొమ్మను పట్టుకుని ఆగింది. ఆటకూ ఆట కానిదానికీ మధ్య ఉన్న గీత పిల్లలకు మనకన్నా బాగా తెలుస్తుంది. కానీ చేతులు ఒకసారి మట్టిలో పడ్డాక ఆ గీత మీద నిలబడడం వాళ్ళకు చేతకాదు. బొమ్మ గేటు వైపు పోలేదు. ఊరి వైపూ పోలేదు. ప్లేట్ల మధ్యలోకే పోయింది. ప్రార్థన అక్కడ బొటనవేలితో నేలను కొంచెం అదిమి గుంట చేసింది.

"ఈడ మన బాయి ఉండె. పూడ్చేసినారు. వాన వస్తే కుంగుతాదంట ఈడ."

"ఎవరు చెప్పినారు?"

"నాయన."

గుంట పక్కన, వెండిరేకు నీడలో, బొమ్మను కూర్చోబెట్టింది. ఆ తర్వాత గౌను జేబులోంచి ఒక నున్నటి గులకరాయి తీసింది. అరుగు మీద అవ్వ పూజకు పెట్టుకున్న పసుపు గిన్నెలో వేలు ముంచి రాయికి అద్దింది. చూపుడువేలు కాదు, ఉంగరపువేలు. రామాంజి దేవుడి పటాలకు అలాగే పెడతాడు. రాయిని రేకు కింద నిలబెట్టింది. మళ్ళీ జేబులో చెయ్యి పెట్టి ఎర్రగాజు ఒకటి తీసి, రాయి ముందు మట్టిలో సగం గుచ్చి వాకిలిలా నిలబెట్టింది.

వినుత ఆ గాజును చూసింది. వారం రోజులుగా మూసిన కళ్ళ వెనక చూస్తూ వచ్చిన గాజు. ఇప్పుడు అది ఒక ఇంటికి వాకిలి. ఆ ఇంటికి నీలం తలుపు లేదు.

"ఇది యాడిదే?"

"నాయన ఇచ్చినాడు. దానికి రెండు, నాకు ఒకటి. నేను తొడుక్కుంటానంటే పట్టలేదు నాకు."

"దానికంటే?"

ప్రార్థన మొదటిసారి తల్లి ముఖం వైపు చూసింది. "అక్షతకు," అంది. వెంటనే, "నీకు చెప్పొద్దన్యాడుమా. నేను చెప్పలేదు కదా. నువ్వే ఆడమన్యావు," అంది.

అరుగు మీద పిక్కలు పడే చప్పుడు ఆగింది.

మొదట వినుతకు కలిగింది సంతోషం. నిజంగా సంతోషమే. ఆడది లేదు, ఇంకొక పిల్ల లేదు, వేడినీళ్ళు పోసుకున్నట్టు ఒళ్ళంతా వదులైంది. ఆ వదులులోనే, అడుగునుంచి, రెండోది పైకి రాసాగింది. అది నెమ్మదిగా వచ్చింది. దానికి తొందర లేదు.

ఎందుకంటే అక్షత అక్కడ లేదు. అక్షత కంచె బయట, రోడ్డు పక్క కానుగ చెట్టు కింద ఉంది. చూపించింది రామాంజే. బిడ్డను పాతిపెట్టేటప్పుడు తల్లిని రానివ్వరు. చీరకొంగులో చుట్టిన మూటను మామా రామాంజీ పొలానికి తీసుకుపోతుంటే ఆడవాళ్ళంతా ఆమెను వాకిట్లోనే పట్టుకుని నిలబెట్టారు. మామ ఇప్పుడు లేడు. పొలంలో గట్లు పోయాయి, రేగుపొద పోయింది, బావి పోయింది, అన్నీ చదునై దాని మీద ప్లేట్లు లేచాయి. నా బిడ్డ యాడుండాదని ఆమె ఏడిస్తే, కంచె పొలం చివరిదాకా రాలేదులే, మన బిడ్డ బయటే మిగిలింది, అని రామాంజి ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని పోయి కానుగ చెట్టు చూపించాడు. అప్పటినుంచి ఏటా శ్రావణంలో ఆమె అక్కడ పాలు పోస్తోంది. చిన్న దువ్వెన, చిన్న రవిక పెడుతోంది. కానుగ వేరు మీద తల పెట్టుకుని పడుకున్న రోజులున్నాయి. రామాంజి మాత్రం బండి దగ్గరే నిలబడి, పద పొద్దుపోతాది, అనేవాడు.

అతనికి బిడ్డ మీద ప్రేమ అంతేనని ఆమె అనుకుంది. అనుకుని ఊరుకోలేదు. దాని మీద కొంచెం బతికింది కూడా. అన్నం బాగానే తింటాడు, నిద్ర బాగానే పోతాడు, మర్చిపోయాడు, నేనే మర్చిపోలేదు, అని. ఏడవడంలో తాను ముందున్నానన్న గర్వం ఒకటి ఈ నాలుగేళ్ళూ ఆమెను నిలబెట్టింది. పైకి ఎప్పుడూ అనలేదు. అనకుండానే అతన్ని ఆ గర్వంతో ప్రతి రాత్రీ కొంచెం కొంచెం శిక్షించింది.

"నువ్వు చూసినావా ఆ రాయిని?" అని అడిగింది కూతుర్ని.

"ఒగసారి. సూపర్‌వైజరు లేనప్పుడు తీసుకపోయినాడు. నాయన ఆడ కూర్చొని మాట్లాడతాడుమా దానితో."

"ఏం మాట్లాడతాడు?"

"ఏమో. ఎండ గురించి. నా మార్కులు గూడా చెప్పినాడు."

యశ్ ఈ మాటలేవీ పట్టించుకోవడం లేదు. అగ్గిపెట్టె జేసీబీని టబ్బు అంచుమీదినుంచి దింపి, నోటితో బర్రుమని చప్పుడు చేస్తూ, చెంచాతో రాగిపచ్చిక పక్కనుంచి ఒక కాలువ తవ్వుతున్నాడు.

రామాంజి వచ్చేసరికి ఎండ వాకిట్లో తెల్లగా పరుచుకుంది. బండి ఆపి, బూట్లు విప్పి, ముఖం మీద నీళ్ళు చల్లుకున్నాడు. "ఏందప్పా ఈ పొద్దు అందరూ మట్టిలో పడినారు," అని నవ్వుతూ టబ్బు దగ్గరకు వచ్చాడు. "ఓహో. ఊరే కట్టినారే. యశప్పా, నువ్వేనా మేస్త్రీ?"

"నేను జేసీబీ," అన్నాడు యశ్.

రామాంజి వంగి చూశాడు. ఇళ్ళు చూశాడు, ఊయలలు చూశాడు, ప్లేట్లు చూసి నవ్వాడు. ఆ తర్వాత నవ్వు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయిన తోరణంలా. రేకు కింద పసుపురాయి. దాని ముందు గాజు.

ప్రార్థన లేచి అవ్వ వెనక్కి పోయి నిలబడింది.

"కూర్చో," అంది వినుత. "నీ బొమ్మ గూడా ఉండాది చూడు. దాని పక్కనే కూర్చొని ఉండాది."

అతను కూర్చోలేదు. "పిల్లోళ్ళ ముందర వద్దు."

"పిల్లోళ్ళకు తెలుసు కదప్పా. నాకే తెలీదు. ఊళ్ళో ఇంకెవరికి తెలుసు చెప్పు, వాళ్ళనూ పిలుస్తా. కానుగ చెట్టుకు పాలు పోసేదాన్ని చూసి నవ్వుకొన్యారేమో."

"ఎవరికీ తెలీదు."

"ఎందుకు చేసినావు?"

అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడిచిన ముఖాన్నే మళ్ళీ తుడిచాడు. "సర్వేకు వచ్చినప్పుడు అడిగినారు. లోపల గోరీలుంటే చెప్పండి, ఆ నేల తుంట ఇడ్సిపెట్టి మిగిలింది తీసుకుంటాం అని. మన తుంట నడిమధ్యలో ఉండాది. మనది ఇడ్సిపెడితే వెనకవాళ్ళవీ కలవవు. అందరూ మా నాయన మీద పడినారు. పసిబిడ్డకు గోరీ ఏంది, కట్టడం లేదు, రాయి లేదు, దాన్నెవరు లెక్క పెడతారు అన్యారు. మా నాయన ఏమీ లేదని చెప్పినాడు. పక్కన నేనూ ఉండి తల ఊపినా."

"అది అడగలేదు నేను."

అతను తువ్వాలు దించాడు.

"ఆ పొద్దు తల ఊపినావు, సరే. అందరూ ఊపినారు. నేనుంటే నేనూ ఊపి ఉంటానేమో, ఇంట్లో గింజ లేదు ఆ ఏడు. నేనడిగేది అది కాదు. నన్ను చెట్టు కాడికి ఎందుకు తీసుకపోయినావు?"

"నువ్వు ఏడుస్తాంటివి. ఏదో ఒకటి చూపించాల కదా."

"ఏదో ఒకటి!" వినుత నవ్వింది. ఆ నవ్వు విని సుంకులమ్మ చింతపండు చాటను పక్కకు నెట్టింది. "ఏడ్చే పిల్లకు బొమ్మ ఇచ్చినట్ల ఇచ్చినావు. నువ్వు మాత్రం అసలుదాన్ని పెట్టుకొన్యావు."

"నిజం చెప్తే నువ్వు ఆ కవులు దుడ్డుతో వండిన అన్నం ముడతావా? బిడ్డ మీద మేకులు కొట్టించుకొని తింటాండామని తెలిస్తే? తెలిసి ఒగరు తింటే చాల్లే అనుకొన్యా."

"ఎంత మంచోడివి."

"గేటు కాడ పని ఇస్తామన్యారు, నీడపట్టున. వద్దని ఈ పని తీసుకొన్యా. ఎందుకనుకొన్యావు? ఆ వరుస కడిగే పొద్దు నీళ్ళు కిందికి కారతాయి. దాని మీదికే కారతాయి. చల్లగా ఉంటాదని."

ఇదే ఆమె భరించలేకపోయింది. అతను రాయిలా ఉండి ఉంటే ద్వేషించడం తేలికయ్యేది. ఇంకొక ఆడది ఉన్నా తేలికయ్యేది. ఆ ఆడదాని వాకిట్లో నిలబడి శాపనార్థాలు పెట్టి రావచ్చు. ఇక్కడ ఎవరి వాకిట్లో నిలబడాలి? తను వేరు మీద తల పెట్టుకుని పడుకున్న రోజుల్లో, తన కన్నీళ్ళు ఎవరికీ చేరలేదు. అతనికి మాత్రం రోజూ దొరికింది. ఎండ గురించి, మార్కుల గురించి చెప్పుకోవడానికి ఒక చెవి దొరికింది. ఆమెకు తెలియని సంసారం ఒకటి ప్లేట్ల నీడలో జరిగిపోయింది, తండ్రీ బిడ్డా, అప్పుడప్పుడు అక్క. తల్లి ఒక్కతే లేదు.

"నాలుగేండ్లు," అంది. "బిడ్డను నువ్వొక్కడివే తిన్నావు కదరా."

మొగుణ్ణి రా అనడం ఆమె జీవితంలో అదే మొదలు. సుంకులమ్మ "వినుతా!" అంది. అని, కొడుకు వైపు తిరిగింది. "నాకు గూడా చెప్పలేదు కదరా. నేనూ పోసినా పాలు."

రామాంజి తల వంచుకుని టబ్బు వైపు చూస్తున్నాడు. వినుత అది సిగ్గు అనుకుంది. కానీ అతని చూపు రాయి మీద లేదు. రాయి పక్కనుంచి పోతున్న కాలువ మీద ఉంది. యశ్ తవ్విన కాలువ టబ్బు అంచు దగ్గర మొదలై, రాగిపచ్చిక దాటి, వెండిరేకుల కిందికి దూరి, పసుపురాయిని ఒరుసుకుంటూ అవతలికి పోయింది. రాయి ఒక పక్కకు వాలింది.

"యశప్పా, ఈ కాలువ ఏంది?"

"కేబులు కాలువ. మా నాయన తవ్వుతాండాడు."

"యాడ?"

"మీ పార్కులోనే. రాత్రి వచ్చింది జేసీబీ. నన్ను తీసుకపో అంటే తిట్టి పోయినాడు. పొద్దున వెనక గేటు కాడ మొదలుపెట్టినారంట. నీళ్ళ ట్యాంకు కాడినుంచి నేరుగా, ఇట్ల, ఇట్ల, బాయి పూడ్చినారు చూడు, ఆడ నేల మెత్తగా ఉంటాదంట, ఆడనుంచి పోతాదంట." వాడు చెంచాతో దారి చూపించాడు. "అన్నం పొద్దుకు ట్యాంకు దాటుతాదని చెప్పినాడు మా నాయన. లోతు చూడు మామా, నా మోకాలంత. ఇంకా లోతు గూడా."

"నాకు చెప్పలేదే ఎవరూ," అన్నాడు రామాంజి. ఎవరితో అన్నాడో తెలియదు. "ఈ వారం నన్ను ఆ చివర బ్లాకుకు వేసినారు. నేను ఈ పక్కకే పోలేదు ఈ పొద్దు."

వినుత లేచింది. చేతుల మట్టి చీరకు తుడుచుకుని, గోడకు ఆనించి ఉన్న పార తీసుకుంది.

"ఆడదానివి, నువ్వు పోకూడదమ్మే," అని సుంకులమ్మ అడ్డం వచ్చింది. "తవ్వే చోటికి తల్లి పోకూడదు."

"ఆ పొద్దు పోకుండా పట్టుకొన్యారు కదత్తా. పోయింటే ఈ పొద్దు నాకు తెలిసుండేది, ఎవర్నీ అడక్కుండా." అత్త చెయ్యి పట్టుకుని పక్కకు జరిపింది. గట్టిగా కాదు. "బిడ్డను ఆ మిషను నోట్లో పడనిస్తావా? ముందర మనం తీసుకొస్తాం. కానుగ చెట్టు ఉండనే ఉండాది కదా. నాలుగేండ్లు పాలు పోసిన చోటు. అబద్ధమెందుకు కావాల అది."

మొగుడి వైపు తిరిగింది. "గేటు కాడ ఏం చెప్తావో నీ ఇష్టం. నన్ను లోపలికి తీసుకపో. ముందర నడువు."

రామాంజి నడవలేదు. తువ్వాలు చేతిలో నలుగుతోంది. అతని ముఖంలో ఇంతసేపూ కనిపించిన బాధ పోయి, దానికింద ఉన్నది బయటపడింది. అది భయం. పట్టుబడ్డవాడి భయం కాదు. వినుత ఆ ముఖాన్ని ఒకసారి మాత్రమే చూసింది, మూట మోసుకుని పోయి, పొలంనుంచి వట్టిచేతులతో తిరిగొచ్చిన రోజు.

"ఏంది? పొద్దుపోతాది. పద."

"వినుతా. చదును చేసేటప్పుడు నేను ఊళ్ళో లేను. చూడలేక హిందూపురం పోయినా. తిరిగొచ్చేసరికి గట్టు లేదు, పొద లేదు. చాప పరిచినట్ల ఉండాది నేల. మా నాయనను అడుగుదామంటే ఆయనా మంచాన పడినాడు, మాట లేదు. వాన వచ్చినంక బాయి ఉన్న చోటు కొంచెం కుంగింది. దాన్ని బట్టి... ఈ పక్కనా, ఆ పక్కనా, అది గూడా తెలీదు. ఆ రాయి నేను అందాజుగా పెట్టినా."

అవ్వ వెనకనుంచి ప్రార్థన వచ్చి టబ్బు దగ్గర కూర్చుంది. ఒరిగిన పసుపురాయిని తీసి, గుంటకు ఈ పక్కన పెట్టి చూసింది. మళ్ళీ తీసి ఆ పక్కన పెట్టింది. ఎక్కడ పెట్టాలో తెలియక అరచేతిలోనే ఉంచుకుంది.

వినుత మొగుణ్ణి చూసింది. ఆమె ఇంతసేపు ఈర్ష్య పడిన సంసారం, ఎండ కబుర్లు, మార్కులు, చల్లగా కారిన నీళ్ళు, అన్నీ ఒక ఖాళీ నేలకు చెప్పినవి. కానుగ చెట్టు ఒకటి ఆమెకు, రాయి ఒకటి అతనికి. ఆమెకైనా అది అబద్ధమని తెలియదు. అతనికి తెలుసు, తెలిసే నాలుగేళ్ళు కూర్చున్నాడు. పడమటినుంచి గాలి తిరిగినప్పుడు పార్కు వైపు మిషను చప్పుడు సన్నగా వినిపించి, ఆగి, మళ్ళీ వినిపించింది.

పార ఆమె చేతిలోనే ఉంది.

"అందాజుగానే నడువు," అంది.